కండె నిండేలోగా

ఈరన్న మామ పోయిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. తెలిసిన వెంటనే బయలుదేరగలిగే వయసు కాదు నాది. మోకాళ్ళు ఒప్పుకున్న రోజు చూసుకుని ఎమ్మిగనూరు వెళ్ళాను. ఆయన కూతురు మహాదేవి నన్ను కూర్చోబెట్టి, పరామర్శ మాటలకు చోటివ్వకుండా లోపలికి వెళ్ళి, మడతలు వేసిన ఒక గుడ్డ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "నాయన నీకియ్యమన్న్యాడు వదినా. ఆ లాయరు పాపకియ్యండి, దాంట్లో తప్పులేవో ఆ పాపకే తెలుసు అన్న్యాడు" అంది. నేను లాయరును కాను. బతుకంతా బడిపిల్లలకు పాఠాలు చెప్పాను. అయితే కాలేజీలో చర్చాపోటీలకు పోతానని తెలిసిన నాటి నుంచి ఆయనకు నేను లాయరు పాపనే. మడత విప్పాను. చదరంగం గుడ్డ. కలరా ఉండల వాసన వచ్చింది గాని, నాకు తెలిసిన గంజి వాసన రాలేదు. పడుగులో ఎరుపు, తెలుపు పట్టీలు, పేకలోనూ అవే. ఎరుపు మీద ఎరుపు పడిన గడి ఎర్రగా, తెలుపు మీద తెలుపు పడిన గడి తెల్లగా ఉన్నాయి. ఒకదాని మీద ఇంకొకటి పడిన గళ్ళు మాత్రం కలనేతలో లేత గులాబి రంగు తేలాయి. రెండు రంగులు ఉండవలసిన చోట మూడు. సాదా నేతలో గళ్ళు వేస్తే మగ్గం ఇచ్చేది అంతే. ఈ గుడ్డ మీద జరిగిన ఒక ఆటను గురించి నాకు నేను చాలాసార్లు వాదించుకున్నాను. ఏ పక్షాన మాట్లాడినా రెండో పక్షమే గెలుస్తూ వచ్చింది.

మాది ఆదోని. పత్తి జిన్నింగు మిల్లుల వెనక వీధి. ఆ వీధిలో ఎండాకాలం కూడా మంచు కురిసినట్టుండేది. చూరుల మీద, చెంబుల అంచుల మీద, ఆరవేసిన చీరల మీద పత్తినూగు. నూనె మిల్లు వైపు నుంచి గాలి తిరిగితే పత్తిగింజల చేదు వాసన అన్నంలోకి కూడా వచ్చేది. మా నాన్న, చిన్నాయన సామేలు ఇద్దరూ మిల్లులోనే పని. చిన్నాయన ఇంటికి వచ్చేసరికి కనుబొమలు తెల్లగా ఉండేవి. అమ్మ గడపలోనే ఆపి, "దులుపుకొని రా మరిదీ, నీకంటే ముందు నీ నూగొస్తాది లోపలికి" అనేది. ఆయన మిషను బడిలో చదువుతున్నప్పుడు ఒక పంతులు దగ్గర చదరంగం నేర్చుకున్నాడు. బంటు మొదటి ఎత్తులో రెండు గళ్ళు దూకే, రాజూ ఏనుగూ చోట్లు మార్చుకునే కొత్త పద్ధతి ఆట అది. మా ఊళ్ళో దాన్ని ఇంగ్లీషు ఆట అనేవారు. ఒక చెక్కపలక మీద తారుతో నల్ల గళ్ళు, సున్నంతో తెల్ల గళ్ళు ఆయనే పూసుకున్నాడు. ఏటా క్రిస్మసుకు గోడలకు సున్నం వేసేటప్పుడు పలకకు కూడా ఒక పూత పడేది. ఆదివారం గుడి నుంచి వచ్చి, ఇస్త్రీ చొక్కా విప్పకుండానే దాని ముందు కూర్చునేవాడు. మా అవ్వకు అది నచ్చేది కాదు. "ప్రభువు దినాన ఆ కొయ్యబొమ్మలకు మొక్కుతాండావేమి రా సామేలూ?" అనేది. "మొక్కేది లేదమ్మా, కొట్టేదే" అని ఆయన జవాబు. ఆ జవాబు విని అవ్వ ప్రతి ఆదివారమూ నవ్వేది, ప్రతి ఆదివారమూ మళ్ళీ అడిగేది.

కాలేజీకి వెళ్ళిన తరవాత నాకు ప్రశ్నించే జబ్బు పట్టుకుంది. చర్చాసంఘంలో మాకు నేర్పిన మొదటి పాఠం, ఎదుటివారి మాటను ఒప్పుకునే ముందు దాని ఆధారం అడగమని. ఆ పాఠాన్ని నేను సెలవుల్లో ఇంటికి కూడా మోసుకొచ్చాను. ప్రార్థనలో మగవాళ్ళు ముందు వరసలో ఎందుకు కూర్చోవాలి, రొట్టెల్లో మెత్తనివి ముందు నాన్నకే ఎందుకు పెట్టాలి అని అడిగేదాన్ని. అమ్మ విసుక్కునేది. చిన్నాయన మాత్రం వినేవాడు. విని, "అడుగు పాపా, అడగడానికే గదా నిన్ను అంత దూరం పంపినాము" అనేవాడు. ఇంట్లో నా చదువును ఖర్చుగా చూడని మనిషి ఆయనొక్కడే. అందుకే ఆయన ఎమ్మిగనూరు వెళ్ళేటప్పుడు నన్ను తోడు రమ్మంటే, ఆ గతుకుల దారిలో బస్సు ప్రయాణం కూడా నాకు సత్కారంలాగే ఉండేది.

ఎమ్మిగనూరులో ఈరన్న మామ ఉండేవాడు. ఆయన నేతగాడు. నూలు కోసం ఆదోని వచ్చినప్పుడు, మా ఊళ్ళో చదరంగం ఆడేవాళ్ళు చేరే రీడింగు రూములో చిన్నాయనకు పరిచయమయ్యాడు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. తన ఆట గురించి తానే చెప్పుకోవడంలో ఏ మొహమాటమూ లేదు. "నేను గుర్రం తీస్తే బళ్ళారి దాకా దుమ్ము లేస్తాది" అనేవాడు. వాళ్ళ ఇంట్లో గుంట మగ్గం, పక్కన గంజి కుండ, చూరుకు వేలాడే రంగునూలు చిలపలు. ఇల్లంతా పులిసిన గంజి వాసన. వాళ్ళ వీధిలో చదరంగానికి ఒక వింత అలవాటు ఉండేది. దాన్ని కండె ఆట అనేవారు. ఇంటి ఆడమనిషి రాట్నం తిప్పుతూ, మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే చిన్న కండెకు నూలు చుడుతూ ఉంటుంది. ఆ కండె నిండేలోగా ఆటగాడు ఎత్తు వేయాలి. వేయకపోతే ఆ ఎత్తు పోయినట్టే, అవతలివాడు ఆడతాడు. నిదానంగా ఒక ఆకువక్క చుట్టుకునేంత సమయం, అంతే. గడియారం లేని ఊళ్ళో అంతకంటే వేగమైన ఆట నేను చూడలేదు. ఎత్తు ముందుగానే పడితే ఆ సగం కండె తీసి పక్కన వేసి కొత్తది ఎక్కిస్తారు. "మీ ఆటేమో గానీ, ఈ సగం కండెలన్నీ నా నెత్తినే" అని ఈరన్న మామ భార్య నాగమ్మత్త గొణిగేది.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఆ ఇంటి వసారా గూట్లో మా ఇద్దరి కోసం వేరే లోటాలు ఉండేవి. చదరంగం కాయలు రెండు చేతులూ పట్టుకునేవే. ఒక చేతి ఏనుగును ఇంకో చేయి కొట్టి పక్కన పెట్టేదే. లోటాలు మాత్రం వేరు. నేను ఒకసారి నాగమ్మత్తను అడిగాను. ఆమె చాలాసేపు రాట్నం తిప్పి, "మా అత్త పెట్టిపోయింది పాపా, నేను తియ్యల్యా" అంది. చిన్నాయన బయటికి వచ్చాక, "ఆట ఆడనిస్తాడు పాపా, ఆడి ఓడిపోతాడు కూడా. ఇంకా ఎన్ని అడుగుతావు?" అన్నాడు. ఆ మాట నాకు అప్పుడూ చాలలేదు, ఇప్పుడూ చాలదు.

మా తాలూకా బళ్ళారి నుంచి విడిపోయి కర్నూలు జిల్లాలో కలిసిన కొత్తల మాట ఇది. బళ్ళారిలో జరిగే చదరంగం పోటీకి పాత తాలూకాల వాళ్ళను ఆ ఒక్కసారి పిలిచి, ఇక పిలవబోమన్నారు. వాళ్ళది వేరే రాష్ట్రం అయిపోయింది. రీడింగు రూము పెద్దలు ఒక్కరినే పంపగలమన్నారు. చిన్నాయన ఎన్ని ఏళ్ళుగానో ఆ పోటీ గురించే మాట్లాడేవాడు. బళ్ళారిలో నిజమైన గడియారాలు పెట్టి, పుస్తకం చదువుకున్న వాళ్ళు ఆడతారని, వాళ్ళ ఎదుట ఒక్కసారి కూర్చుంటే తనకు ఆట వచ్చో రాదో తేలిపోతుందని అనేవాడు. ఆయన అడిగినట్టు నాకు తెలిసిన కోరిక అదొక్కటే. ఈరన్న మామకూ పోవాలని ఉంది. కనుక వాళ్ళిద్దరూ ఒక్క ఆట ఆడాలి, గెలిచినవాడు పోవాలి. బళ్ళారిలో వేగంగా ఆడాలి కాబట్టి ఇది కండె ఆటే. మధ్యస్థం ఎవరన్నప్పుడు ఈరన్న మామే, "మన లాయరు పాప ఉండాది గదా" అన్నాడు. సొంత చిన్నాయన ఆడుతుంటే నేను మధ్యస్థం ఎలా చేస్తానని నేనే అభ్యంతరం చెప్పాను. "నీ నోరు మీ చిన్నాయనకు గూడా భయపడదు లే" అన్నాడాయన.

ఆ రోజు మగ్గానికి సెలవు. అయినా నాగమ్మత్త రాట్నం దగ్గరే ఉంది. "సెలవు మగ్గానికే పాపా, ఆడోళ్లకు గాదు" అంది. గుడ్డ పరిచారు. నేను సభలో నిలబడినట్టు నిలబడి షరతులు చెప్పాను. ఆట బళ్ళారి పద్ధతి. ముట్టిన కాయనే ఆడాలి. కండె నిండితే ఎత్తు పోతుంది. రాట్నం తిరుగుతున్నంతసేపూ ఆటగాళ్ళు మాట్లాడరాదు. మాట్లాడిన వారికి తరవాతి ఎత్తు పోతుంది. రాజుకు షా చెప్పడం ఒక్కటే దీనికి మినహాయింపు. వాళ్ళ వీధిలో ఇంకొక మర్యాద ఉండేది. ఎదుటివాడి మంత్రి మీదికి పోయినప్పుడు "మంత్రి పైలం" అని హెచ్చరించాలి. బళ్ళారిలో అది లేదని, మాట్లాడితే అక్కడ తప్పు పడతారని విన్నాను కనుక ఇక్కడా ఉండదని చెప్పాను. ఈరన్న మామ, "అట్లే కానీ" అన్నాడు. ఆ తరవాత నేను నాగమ్మత్త వైపు తిరిగి, "అత్తా, రాట్నం తిప్పేది మీరు. ఆడేది మీ ఇంటాయన. ఒకరికి నెమ్మదిగా, ఒకరికి వేగంగా తిప్పరని ఎట్లా నమ్మేది?" అని అడిగాను. వసారాలో కూర్చున్న నేతగాళ్ళు గొల్లున నవ్వారు. ఆమె నవ్వలేదు. "నా చేతికి నూలు తెలుస్తాది పాపా, మొగుడు తెలీదు" అంది. నా అనుమానం అక్కడితో తీరింది. చివరికి గుడ్డను చూపించి, గళ్ళు మూడు రంగులు ఉన్నాయే, నీకు ఇబ్బంది కాదా అని చిన్నాయనను అడిగాను. "గడి గడే పాపా, రంగుతో నాకేం పని?" అన్నాడు.

కాని రంగుతో పని ఉంది. తారు, సున్నం గళ్ళ మీద మూలగా పోయే ఒంటె ఎప్పుడూ ఒకే రంగు మీద పోతుంది. చిన్నాయన చూపు ఆ రంగును పట్టుకునే పరుగెత్తేది. ఈ గుడ్డ మీద ఒక ఒంటెకు కలనేత గళ్ళే దారి, అది సులువు. రెండో ఒంటె దారిలో ఒక గడి ఎరుపు, ఒక గడి తెలుపు, మళ్ళీ ఎరుపు, మళ్ళీ తెలుపు. అది దారిలా కనబడదు, చెదిరిన ముక్కల్లా కనబడుతుంది. నిదానంగా ఆలోచించే ఆటలో ఎవరైనా గుర్తుపడతారు. కండె నిండుతుంటే చూపు తనకు అలవాటైన దారినే పోతుంది.

ఆట ఎలా మొదలైందో నాకు గుర్తు లేదు. రాట్నం గిర్రుమనే చప్పుడు, అది ఆగడం, కండె మార్చడం, మళ్ళీ గిర్రుమనడం గుర్తున్నాయి. మాట లేకుండా కూర్చున్న ఈరన్న మామను చూడటం అందరికీ వినోదంగా ఉంది. ఆయన పెదవులు కదిలేవి, గొంతు పైకి వచ్చి లోపలికి పోయేది. చిన్నాయన ముందుకు పోతున్నాడు. ఒక గుర్రం ఎక్కువ, ఒక బంటు చివరి వరస దగ్గరికి చేరుతోంది. వసారాలో ఎవరో "అయిపాయ" అని గొణిగారు. అప్పుడు ఈరన్న మామ ఒంటెను తీసి, గుడ్డ అంచు దగ్గర ఉన్న ఒక తెల్లని గడిలో పెట్టాడు. ఏ ప్రయోజనమూ లేని ఎత్తులా కనిపించింది. ఎరుపు, తెలుపు, ఎరుపు, తెలుపుగా సాగిన ఆ వాలు చివర చిన్నాయన మంత్రి ఉంది. ఆయన చూడలేదు. బంటు మీదికే చేయి పోతోంది. నాకు కనబడింది; నేను చెప్పకూడదు. రాట్నం తిరుగుతోంది.

"మంత్రి పైలం, సామేలూ" అన్నాడు ఈరన్న మామ.

చిన్నాయన చేయి గాలిలోనే ఆగిపోయింది. నేను, "మామా, మాట్లాడినారు" అన్నాను. నాగమ్మత్త చెప్పకుండానే రాట్నం ఆపింది.

"కాలికింద తేలుండాదని సెప్పినందుకు గూడా శిక్షేనా పాపా?"

"షరతు మీరు ఒప్పుకున్నదే గదా, మామా."

"ఒప్పుకున్న్యా. లేదంటాండానా? వెయ్యి, శిక్ష వెయ్యి. నోట్లోంచి వచ్చిండేది మళ్ళీ మింగల్యాను గదా."

చిన్నాయన తల ఎత్తకుండా, "పాపా, వదిలెయ్. అతను నా మేలుకు సెప్పినాడు" అన్నాడు. మేలు ఎవరికి జరిగిందన్నది ప్రశ్న కాదని, షరతు ఇద్దరికీ ఒకటేనని, ఎవరి మీద ప్రేమ ఉంటే వారికి సడలించే షరతు షరతే కాదని నేను చెప్పాను. అది మంచి వాదమే. ఇవాళ అడిగినా అదే చెబుతాను. తీర్పు ఇచ్చాను: చిన్నాయన తన ఎత్తు ఆడతాడు, ఈరన్న మామకు ఎత్తు లేదు, చిన్నాయన మళ్ళీ ఆడతాడు. వరసగా రెండు ఎత్తులు. మొదటి దానితో మంత్రి బయటపడుతుంది, రెండో దానితో బంటు చివరి వరసకు చేరి ఇంకో మంత్రి అవుతుంది. బళ్ళారి చిన్నాయన చేతికి అందినట్టే.

ఆయన మంత్రిని పక్కకు జరిపాడు. నాగమ్మత్త కొత్త కండె ఎక్కించి రాట్నం తిప్పింది. చిన్నాయన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బంటు వైపు చూడలేదు. కండె మీద నూలు ఉబ్బుతోంది. "చిన్నాయనా" అన్నాను. వినిపించుకోలేదు. "ఆడప్పా సామేలూ, నీదే ఎత్తు" అని ఎవరో అరిచారు. ఆయన నాగమ్మత్త చేతినే చూస్తున్నాడు. ఆమె చేయి ఎప్పటిలాగే తిరిగింది, నెమ్మదించలేదు, తొందరపడలేదు. కండె నిండింది. ఆమె నూలు తుంచి, కండె తీసి, బుట్టలో వేసింది. ఆ రోజు నిండిన కండె అదొక్కటే. "పోయె ఎత్తు" అన్నాడు చిన్నాయన. "ఆడు ఈరన్నా."

నా షరతుల్లో ఒక్కటి కూడా తప్పలేదు. శిక్ష వేశాను, శిక్ష అమలయింది, దాని ఫలితం మాత్రం ఎవరికీ చేరలేదు. ఆ తరవాత ఈరన్న మామ బంటును ఆపాడు, గుర్రాన్ని కొట్టాడు, ఆట సమానమైంది. ఇద్దరూ ఎంత ఘోరంగా పోరాడారంటే, అంతకు ముందు జరిగిన మర్యాదకు ఇద్దరూ కోపగించుకున్నారా అనిపించింది. చివరికి చిన్నాయన రాజు ఒక మూల ఇరుక్కుంది. ఈరన్న మామ చాలా మెల్లగా, ఆయన గొంతుకు చేతగాదనుకున్నంత మెల్లగా, "ఆటకట్టప్పా" అన్నాడు.

బొరుగుల ఉగ్గాణి, మిరపకాయ బజ్జీలు పెట్టారు. ఆ రోజు గూట్లో లోటాలు మారాయని రాయాలని ఉంది. మారలేదు. వాటిలోనే నీళ్ళు తాగి బస్సెక్కాము. దారిలో నేను అడిగాను. "నేను చెప్పింది న్యాయం కాదా?" "న్యాయమే." "మరి ఎందుకు వదిలేసినావు?" ఆయన కిటికీలోంచి నల్లరేగడి చేల వైపు చూశాడు. "నువ్వు నాకు ఎత్తు ఇచ్చినావు పాపా. ఆడే తీరాలని సెప్పల్యా గదా" అన్నాడు. మళ్ళీ నా వైపు తిరిగి, "నాకు కనబడనే లేదు ఆ ఒంటె. కనబడనిదాన్ని గెలిచినానని బళ్ళారిలో యాడ కూసునేది?" అన్నాడు. ఇంటికి వచ్చి పలక తీసుకుని, మూలగా ఉన్న గళ్ళ మీద వేలు పెట్టి అటూ ఇటూ నడిపిస్తూ కూర్చున్నాడు.

బళ్ళారికి ఈరన్న మామ పోయినాడు. తిరుగు ప్రయాణంలో సొంతింటికి పోకుండా మా వీధికే వచ్చినాడు, గంపెడు కబుర్లతో. మొదటి ఆట గెలిచాడట. రెండో ఆటలో మంత్రి మీదికి పోయినప్పుడు నోరు ఊరుకోలేదట. ఎదుటివాడు ఫిర్యాదు చేశాడు, పెద్దలు మందలించారు. మళ్ళీ అదే జరిగింది, ఆట తీసేశారు. "నోరు మూసుకొని మనిషిని సంపమంటారప్పా ఆడ! నాతో కాలే" అన్నాడు. చిన్నాయన నవ్వి నవ్వి దగ్గుతెర వచ్చి గోడ పట్టుకున్నాడు. పత్తినూగు దగ్గు అది. కొన్నేళ్ళకు ఆయనను తీసుకుపోయిందీ అదే. బళ్ళారి నుంచి మళ్ళీ పిలుపు రాలేదు. ఆయన నిజమైన గడియారం పక్కన ఎన్నడూ కూర్చోలేదు.

నా మనవరాలు ఫోనులో చదరంగం ఆడుతుంది. ఎదుటివాడు ఎవరో, ఏ ఊరో తెలియదు. సమయం క్షణాల్లో కరిగిపోతుంది. నియమాలు నేను కోరుకున్నంత నిక్కచ్చిగా ఉన్నాయి, ఎవరూ మాట్లాడరు, ఎవరికీ వేరే లోటా లేదు. ఆ చివరిది చిన్న సంగతి కాదు. ఆ కాలమే బాగుండేదని ఎవరైనా అంటే నేను ఇప్పటికీ లేచి నిలబడి వాదిస్తాను. అయినా ఆ పిల్ల పక్కన కూర్చున్నప్పుడు, మంత్రి మీదికి ఏదో వస్తున్నప్పుడు, నా చెవులు ఒక గొంతు కోసం ఎదురుచూస్తూ ఉంటాయి.

మహాదేవి ఇంట్లో మగ్గం గుంట పూడ్చి బండలు పరిచారు. ఆమె తన స్టీలు చెంబుతోనే నాకు నీళ్ళిచ్చింది, ఇద్దరం దాంతోనే తాగాము. "ఒక ఆట ఏసుకుందామా వదినా?" అంది. బండల మీద గుడ్డ పరిచాము. రాట్నం లేదు, తొందరపెట్టేది ఏదీ లేదు. అయినా ఆమె తండ్రిలాగే వేగంగా ఆడింది. నేను నా బంటును చూసుకుంటూ ముందుకు పోతున్నాను. ఆమె ఒంటెను తీసి అంచున ఉన్న తెల్లగడిలో పెట్టింది. ఎరుపు, తెలుపు, ఎరుపు. ఇన్నేళ్ళు ఆ వాలు గురించి ఆలోచించిన నాకూ కనబడలేదు.

"మంత్రి పైలం వదినా" అంది.

నేను తల ఎత్తాను.

"ఏమి, వినపడల్యా?"

"వినపడింది. ఇంకోసారి అను."